మెష్ వైఫై మాటిమాటికీ తెగిపోతోందా? ముందు ఏ లంకె తెగుతోందో పట్టుకోండి

వీడియో కాల్లో అవతలి మనిషి మాట మధ్యలో ఆగిపోతుంది. ఫోన్ పైన చూస్తే వైఫై గీతలు నిండుగానే ఉంటాయి. అర నిమిషం గడిచాక అంతా దానంతటదే సర్దుకుంటుంది. గంటకో రెండు గంటలకో మళ్లీ అదే వరస. ఇల్లంతా సిగ్నల్ వస్తుందని మూడు మెష్ డబ్బాలు తెచ్చి పెట్టుకున్నాక కూడా ఇలా జరిగితే ఎవరికైనా విసుగొస్తుంది. ఆ విసుగులో చాలామంది యాప్ తెరిచి కనిపించిన సెట్టింగల్లా మార్చేస్తారు, లేదంటే ఇంకో నోడ్, అంటే ఇంకో మెష్ డబ్బా, కొంటారు. రెండూ వద్దు. రోగం ఏదో తెలియకుండా మందు వేసుకున్నట్టు అవుతుంది.

మెష్ అంటే గొలుసు అనుకోండి. బయటి నుంచి వచ్చే లైను, అది వచ్చి కలిసే మోడెమ్ డబ్బా, దాని వెనకున్న మెష్ మెయిన్ రౌటర్ కలిపి మొదటి లంకె. మెయిన్ రౌటర్‌కూ మిగతా నోడ్‌లకూ మధ్య దారి రెండో లంకె, దీన్నే బ్యాక్‌హాల్ అంటారు. నోడ్‌కూ మీ చేతిలోని ఫోన్‌కూ మధ్య ఉన్నది మూడోది. ఫోన్‌లో కనిపించే గీతలు ఈ మూడో లంకె సంగతి మాత్రమే చెబుతాయి. మొదటి రెండూ తెగి ఉన్నా గీతలు నిండుగానే కనిపిస్తాయి. అందుకే తెగేది ఏ లంకె అన్నది తేల్చుకోవడమే అసలు పని. అది తేలాక బాగుచేయడానికి చాలాసార్లు పది నిమిషాలు కూడా పట్టదు.

మొదటి మెట్టు: ఒక రోజంతా రాసుకోండి

ఏదీ ముట్టుకోకుండా ఒక రోజు గమనించండి. నెట్ పోయిన ప్రతిసారీ నాలుగు సంగతులు రాయండి: టైమ్ ఎంత, ఏ గదిలో ఉన్నారు, ఒక్క ఫోన్‌కే పోయిందా ఇంట్లో అందరికీ పోయిందా, ఎంతసేపటికి తిరిగొచ్చింది. ఇది బడి పిల్లల పనిలా అనిపించవచ్చు. కానీ సగం జవాబు ఈ కాగితం మీదే దొరుకుతుంది.

అందరికీ ఒకేసారి పోతుంటే మొదటి లంకెను అనుమానించాలి. ఒక గదిలో ఉన్నవాళ్లకే పోతుంటే ఆ గది నోడ్‌నో, దాని బ్యాక్‌హాల్‌నో చూడాలి. ఒక్క పరికరానికే పోతుంటే మెష్‌ను వదిలేసి ఆ పరికరాన్నే చూడండి. ఒక గది నుంచి ఇంకో గదికి నడిచేటప్పుడు మాత్రమే తెగితే అది రోమింగ్ గొడవ, అంటే ఫోన్ ఒక నోడ్‌ను వదిలి ఇంకోదానికి మారడంలో వచ్చేది. గడియారం పెట్టినట్టు సరిగ్గా గంటకోసారి తెగుతుంటే ఏదో టైమర్ పని చేస్తోందని అర్థం. వైఫైలో గ్రూప్ కీ అని అన్ని పరికరాలకూ ఉమ్మడిగా ఇచ్చే రహస్య తాళం ఒకటుంటుంది, చాలా రౌటర్లు దాన్ని 3600 సెకన్లకోసారి మారుస్తాయి. ఆ మార్పును సరిగా అందుకోలేని పాత పరికరాలు ఆ క్షణంలో జారిపోతాయి. వాన పడినప్పుడే నెట్ పోతుంటే ఇంట్లో వెతకడం మాని, బయటి లైనులో జాయింట్ ఎక్కడైనా తడుస్తోందేమో చూడమని సర్వీసు వాళ్లకు చెప్పండి.

రెండో మెట్టు: మూడు కిటికీల పరీక్ష

నాకు అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష ఇది. ఖర్చు లేదు, ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. గొడవ చేస్తున్న నోడ్ దగ్గర ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చోండి. మధ్యలో గది మారకండి, మారితే ల్యాప్‌టాప్ వేరే నోడ్‌కు దూకి లెక్క తప్పుతుంది.

మూడు ఐపీ అడ్రసులు కావాలి, అంటే నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికి ఉండే అంకెల చిరునామాలు. ఒకటి ఆ నోడ్ ఐపీ అడ్రస్, ఇది మెష్ యాప్‌లో నోడ్ పేరు మీద నొక్కితే కనిపిస్తుంది. రెండోది మెయిన్ రౌటర్ అడ్రస్, ఇది ల్యాప్‌టాప్ నెట్‌వర్క్ వివరాల్లో డిఫాల్ట్ గేట్‌వే అన్నచోట ఉంటుంది. సాధారణంగా 192.168 తో మొదలవుతుంది. మూడోది ఇంటి బయటి అడ్రస్, 8.8.8.8 వాడండి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ మూడుసార్లు తెరిచి, ఒక్కో కిటికీలో పింగ్ (ping) అనే, అవతలి పరికరాన్ని ఉన్నావా అని అడిగే కమాండ్, ఒక ఖాళీ, అడ్రస్, మళ్లీ ఖాళీ, ఆపైన హైఫన్ పక్కనే టీ అక్షరం టైప్ చేసి ఎంటర్ కొట్టండి. మ్యాక్‌లో ఆ హైఫన్ టీ అక్కర్లేదు, ఆపేదాకా అదే నడుస్తుంది. నెట్ బాగున్నప్పుడే మొదలుపెట్టి, మూడింటి నుంచీ జవాబు వస్తోందో లేదో ముందు చూసుకోండి. కొన్ని నోడ్‌లు పింగ్‌కు అసలు జవాబివ్వవు. అలాంటప్పుడు మిగతా రెండు కిటికీలతోనే సరిపెట్టుకోవాలి.

ఇక నెట్ తెగిన క్షణంలో మూడు కిటికీలనూ ఒకసారి చూడండి. 8.8.8.8 ఒక్కటే ఆగి మిగతా రెండూ నడుస్తుంటే బయటి లైను పోయింది, మీ మెష్ తప్పేమీ లేదు. నోడ్ జవాబిస్తూ మెయిన్ రౌటర్, 8.8.8.8 రెండూ ఆగితే బ్యాక్‌హాల్ తెగింది, లేదా మెయిన్ రౌటరే ఆగిపోయింది. మూడూ ఒకేసారి ఆగితే ల్యాప్‌టాప్‌కూ నోడ్‌కూ మధ్య తెగింది, లేదా నోడే ఆగిపోయింది. మూడూ చక్కగా నడుస్తున్నా వెబ్ పేజీలు మాత్రం తెరుచుకోకపోతే అది డీఎన్ఎస్ తంటా, అంటే వెబ్‌సైట్ పేరును అంకెల అడ్రసుగా మార్చే సేవ అందట్లేదు. రౌటర్ సెట్టింగుల్లో డీఎన్ఎస్ అడ్రసుగా 1.1.1.1 గానీ 8.8.8.8 గానీ పెట్టి చూడండి.

ఎప్పుడో ఒక జవాబు తప్పిపోతే కంగారు పడకండి, వైఫైలో అది మామూలే. వరసగా పది, పదిహేను తప్పితేనే తెగినట్టు లెక్క.

మొదటి లంకె తెగుతుంటే

ఫైబర్ కనెక్షన్ అయితే నెట్ పోయినప్పుడు మోడెమ్ డబ్బా మీది లైట్లు చూడండి. ఎల్ఓఎస్ అని రాసి ఉన్న లైటు ఎర్రగా వెలిగితే ఫైబర్‌లో వెలుతురు రావట్లేదు. వైరు ఎక్కడైనా బాగా వంగిపోయిందా, బీరువా వెనక నలిగిందా చూసుకోండి. గాజు తీగ కాబట్టి చేత్తో మడిచినా సిగ్నల్ పడిపోతుంది. ఏమీ కనిపించకపోతే కంప్లయింట్ ఇవ్వడమే మార్గం. ల్యాప్‌టాప్‌ను నేరుగా మోడెమ్‌కు కేబుల్‌తో కలిపి, అక్కడ కూడా తెగుతోందని చూపిస్తే సర్వీసు వాళ్లు మీ వైఫై మీదికి నెట్టేయలేరు.

లైను బాగానే ఉండి కూడా ఇక్కడే తెగుతుంటే, ఇంట్లో రెండు రౌటర్లు పని చేస్తున్నాయేమో చూడండి. కనెక్షన్ ఇచ్చినవాళ్లు పెట్టే డబ్బా ఈ రోజుల్లో చాలావరకు మోడెమ్, రౌటర్, వైఫై మూడూ కలిసిందే. దాని వెనకాల మీ మెష్ మెయిన్ రౌటర్ కూడా రౌటర్‌గానే నడుస్తుంది. అన్నిసార్లూ దీనివల్ల ముప్పు రాదు. కానీ రెండూ 192.168.1 తో మొదలయ్యే ఒకే వరస అడ్రసులు వాడుతుంటే ఏ సమాచారం ఎటు వెళ్లాలో తెలియక గందరగోళం మొదలవుతుంది. మెష్ యాప్‌లో ఇంటర్నెట్ ఐపీ అన్నచోట 192.168 తోనో 10 తోనో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తే, మెష్‌కు ముందు ఇంకో రౌటర్ ఉండవచ్చని అనుమానించండి.

దీనికి రెండు మార్గాలున్నాయి, ఒక్కటే ఎంచుకోండి. ముందున్న డబ్బాను బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టి రౌటర్ పనంతా మెష్‌కు అప్పగించవచ్చు. లేదా మెష్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టి రౌటర్ పని ముందున్న డబ్బాకే వదిలేయవచ్చు. రెండూ ఒకేసారి చేస్తే అడ్రసులు పంచేవాళ్లే ఉండరు, నెట్ పూర్తిగా పోతుంది. బ్రిడ్జ్ మోడ్‌కు వెళ్లేముందు మీ కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చేతిలో ఉండాలి. కొన్ని కనెక్షన్లలో అవి మెష్‌లో మళ్లీ ఇస్తే తప్ప నెట్ రాదు. మార్గం ఏదైనా, ముందున్న డబ్బాలోని వైఫై మాత్రం ఆపేయండి. మెష్ పక్కనే ఇంకో వైఫై అరుస్తూ ఉంటే రెండింటికీ చెరుపే.

ఇంకో గుర్తు: ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో ఐపీ అడ్రస్ 169.254 తో మొదలైతే దానికి అడ్రస్ ఇచ్చే రౌటరే అందలేదని అర్థం.

రెండో లంకె: అసలు కథ ఎక్కువగా ఇక్కడే

నేను చూసిన ఇళ్లలో ఎక్కువగా తెగేది బ్యాక్‌హాలే. దానికి మొదటి కారణం నోడ్ పెట్టిన చోటు. సిగ్నల్ రాని గదిలో నోడ్ పెడితే సిగ్నల్ వస్తుందని మనకు సహజంగా అనిపిస్తుంది. కానీ బావిలో నీళ్లుంటేనే కదా తోడేది. నోడ్‌కే సిగ్నల్ అందని చోట అది మీకేం పంచుతుంది? మెయిన్ రౌటర్‌కూ సిగ్నల్ అందని గదికీ మధ్యలో, ఇంకా సిగ్నల్ గట్టిగా ఉన్న చోట నోడ్ పెట్టాలి.

కొన్ని యాప్‌లలో నోడ్ సిగ్నల్ అంకెల్లో కనిపిస్తుంది, మైనస్ 60 డీబీఎం అన్నట్టు. సున్నాకు దగ్గరయ్యే కొద్దీ మంచిది. మైనస్ 50 చాలా బాగున్నట్టు, మైనస్ 65 వరకు బ్యాక్‌హాల్‌కు పర్వాలేదు. మైనస్ 70 దాటి మైనస్ 75, 80 వైపు వెళ్లిందంటే ఈ రోజు కాకపోతే రేపు తెగుతుంది. పది అంకెలు తగ్గితే సిగ్నల్ బలం పదో వంతుకు పడిపోయినట్టు, అందుకే చిన్న తేడా అనుకోకండి. నోడ్‌ను రెండడుగులు జరిపి అంకె మళ్లీ చూడండి. ఇనుప బీరువా, పెద్ద అద్దం, చేపల తొట్టి, నీళ్ల ట్యాంకు, ఇనుప చువ్వలు వేసిన స్లాబు, ఇవన్నీ సిగ్నల్‌ను మింగేసేవో తిప్పికొట్టేవో. టీవీ వెనకాల, అల్మారా లోపల నోడ్ దాచిపెట్టడం చూడటానికి బాగుంటుంది గానీ పని చేయడానికి కాదు. నేల మీద కాకుండా బల్ల ఎత్తులో, నాలుగు వైపులా గాలి ఆడేలా పెట్టండి.

నోడ్‌లు వరసగా ఒకదాన్ని పట్టుకుని ఒకటి వేలాడుతుంటే, చివరిదాని పరిస్థితి దారుణంగా ఉంటుంది. ఒకే రేడియోతో వినడం, పంపడం రెండూ చేయాలి కాబట్టి ప్రతి మజిలీలో వేగం దాదాపు సగానికి పడిపోతుంది. మధ్య నోడ్ ఒక్క క్షణం తడబడితే దాని వెనకున్నవన్నీ పోతాయి. వీలైతే మెయిన్ రౌటర్‌ను ఇంటి మధ్యకు తెచ్చి, నోడ్‌లన్నీ నేరుగా దానికే కలిసేలా చూడండి. మామూలు ఇంటికి మెయిన్ రౌటర్ కాక ఒకటి రెండు నోడ్‌లు చాలు. అవి ఎక్కువైతే వాటిలో అవే ఒకదాని మాట ఒకటి వినలేక తన్నుకుంటాయి. ఒక నోడ్ తీసేసి రెండు రోజులు చూడండి, చాలాసార్లు నెట్ మెరుగవుతుంది.

పాత రిపీటర్ (సిగ్నల్‌ను అందుకుని మళ్లీ పంచే డబ్బా) ఏదైనా ఏ మూలో ప్లగ్‌లో ఉండిపోయిందేమో ఇల్లంతా వెతకండి. అదే పేరు, అదే పాస్‌వర్డ్‌తో అది ఇంకా నడుస్తుంటే ఫోన్లు తెలియక దానికి అంటుకుంటాయి, మెష్‌కు అది ఉందనే తెలియదు.

మెయిన్ రౌటర్ నుంచి నోడ్‌కు నెట్‌వర్క్ కేబుల్ వేయగలిగితే మాత్రం సందేహించకండి. నోడ్‌కు కేబుల్ వచ్చిందంటే ఈ గొడవల్లో సగం అక్కడితో పోతాయి. క్యాట్ 5ఈ కేబుల్ 100 మీటర్ల వరకు గిగాబిట్ వేగం మోస్తుంది, ఇంటికి అంతకంటే ఏం కావాలి. కేబుల్ కలిపాక లింక్ వేగం 100 అని మాత్రమే చూపిస్తే లోపల నాలుగు జతల తీగల్లో ఏదో ఒకటి సరిగా తగలట్లేదేమో చూడండి. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి, 100 మెగాబిట్‌కు రెండు జతలు చాలు. కనెక్టర్ మళ్లీ వేయించండి.

కేబుళ్లతో రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. ఒకటి, నోడ్ కేబుల్‌ను మెయిన్ రౌటర్‌కు కాకుండా దాని ముందున్న మోడెమ్ డబ్బాకు కలపడం. మెష్ రౌటర్‌గా నడుస్తున్నప్పుడు నోడ్‌లన్నీ మెయిన్ రౌటర్ వెనకే ఉండాలి: మోడెమ్, తర్వాత మెయిన్ రౌటర్, తర్వాత స్విచ్ (ఒక కేబుల్‌ను పలు కేబుళ్లకు పంచే డబ్బా), ఆ తర్వాత నోడ్‌లు. రెండోది, ఒకే నోడ్ నుంచి రెండు కేబుళ్లు ఒకే స్విచ్‌కు పోవడం. అప్పుడు సమాచారం గానుగెద్దులా గుండ్రంగా తిరుగుతూ నెట్‌వర్క్ మొత్తాన్ని స్తంభింపజేస్తుంది. స్విచ్ లైట్లన్నీ ఒకేసారి గబగబా కొట్టుకుంటుంటే ఇదే అని అనుమానించి ఒక కేబుల్ పీకేయండి.

ఇప్పుడు చాలామందికి తెలియని కారణం. వైఫై ఎక్కువగా 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు రేడియో పట్టీల్లో నడుస్తుంది, ఒక్కో పట్టీలో నంబర్లు వేసిన ఛానెళ్లనే దారులుంటాయి. 5 గిగాహెర్ట్జ్‌లో 52 నుంచి 144 వరకు ఉన్న ఛానెళ్లను వైఫై చాలా దేశాల్లో రాడార్లతో పంచుకుంటుంది. ఆ ఛానెల్‌లో రాడార్ లాంటి సంకేతం వినిపిస్తే రౌటర్ 10 సెకన్లలో ఖాళీ చేయాలి, 30 నిమిషాల వరకు తిరిగి రాకూడదు. కొత్తగా వెళ్లే ఛానెల్ కూడా ఆ గుంపులోదే అయితే అక్కడ ముందు కనీసం 60 సెకన్లు మౌనంగా వినాలి. రాడార్ లేకపోయినా ఉందని పొరబడే రౌటర్లూ ఉన్నాయి. పైకి కనిపించే లక్షణం ఏమిటంటే, 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్ ఒకటి రెండు నిమిషాలు మాయమై మళ్లీ వస్తుంది, దాని మీద నడిచే బ్యాక్‌హాల్ కూడా దానితోనే పోతుంది. సెట్టింగుల్లో ఛానెల్ ఎంచుకునే వీలుంటే 36 నుంచి 48 లోపు ఏదో ఒకటి పెట్టండి. ఛానెల్ వెడల్పు 160 మెగాహెర్ట్జ్‌లో ఉంటే 80 కి తగ్గించండి, ఎందుకంటే 36 దగ్గర మొదలయ్యే 160 మెగాహెర్ట్జ్ ఛానెల్ 64 దాకా సాగి రాడార్ వాటాలోకి చొరబడుతుంది. స్పీడ్ టెస్ట్‌లో అంకె కొంచెం తగ్గుతుంది, తగ్గనివ్వండి. కాల్ తెగకపోవడమే మనకు ముఖ్యం.

ఇక కరెంటు సంగతి. మా ఇంట్లో మెట్ల దగ్గరి నోడ్ కొన్ని వారాల పాటు సాయంత్రం అయ్యేసరికి పడిపోయేది. చోటు మార్చాను, ఛానెల్ మార్చాను, ఫలితం లేదు. యాప్‌లో ఆ నోడ్ ఎంతసేపటిగా నడుస్తోందో రాత్రిపూట చూస్తే గంట, గంటన్నరే చూపించేది, మిగతావి రోజుల తరబడి నడుస్తున్నాయి. అంటే అది తెగడం లేదు, ఆరిపోయి మళ్లీ లేస్తోంది. చివరికి తేలింది ఏమిటంటే, ఇల్లు సర్దినప్పుడు రెండు అడాప్టర్లు తారుమారయ్యాయి. నోడ్‌కు కావలసింది 12 వోల్టులు, 2 ఆంపియర్లు. దానికి తగిలించి ఉన్నది 12 వోల్టులు, 1 ఆంపియర్‌ది. పిన్ను ఒకటే కాబట్టి చక్కగా సరిపోయింది. పగలు పని తక్కువ, నెట్టుకొచ్చింది. సాయంత్రం అందరూ వాడటం మొదలుపెట్టగానే కరెంటు చాలక పడిపోయేది. మీరూ ప్రతి నోడ్ అడుగున రాసి ఉన్న అంకెలు, దాని అడాప్టర్ మీది అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. వోల్టులు అవే ఉండాలి, ఆంపియర్లు అంతకు తగ్గకూడదు.

మూడో లంకె తెగుతుంటే

ఏ నోడ్‌కు అంటుకోవాలో నిర్ణయించేది ఫోనే. మెష్ సలహా ఇవ్వగలదు, అంతే. ఉదాహరణకు ఐఫోన్ తన సిగ్నల్ మైనస్ 70 డీబీఎం కంటే పడిపోయేదాకా వేరే నోడ్ కోసం వెతకదు. అందుకే పక్కనే నోడ్ ఉన్నా పై అంతస్తు నోడ్‌నే పట్టుకుని ఉండటం చూస్తాం. నోడ్‌లు మరీ దగ్గరగా ఉంటే ఈ పట్టు ఇంకా బిగుస్తుంది. వాటిని కాస్త దూరం జరపడమో, సిగ్నల్ బలం తగ్గించడమో చేయండి.

ఫాస్ట్ రోమింగ్ అనే సెట్టింగు కొత్త ఫోన్లకు మేలు చేస్తుంది, కానీ కొన్ని పాత ప్రింటర్లు, కెమెరాలు, బల్బులు దాన్ని చూడగానే బెదిరిపోతాయి. వైఫై భద్రతకు వాడే కొత్త పద్ధతి డబ్ల్యూపీఏ3 కూడా అంతే. అలాంటి పరికరాలే తెగుతుంటే ఫాస్ట్ రోమింగ్ ఆపి చూడండి, లేదా వాటికోసం 2.4 గిగాహెర్ట్జ్‌లో, దానికి ముందు పద్ధతి డబ్ల్యూపీఏ2 తో వేరే నెట్‌వర్క్ పేరు పెట్టండి. ఆ 2.4 గిగాహెర్ట్జ్‌లో ఛానెల్ 1, 6, 11 లలో ఒకటే వాడండి, ఒకదాని మీద ఒకటి పడనివి ఆ మూడే. వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు. మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఇంచుమించు 2.45 గిగాహెర్ట్జ్‌లోనే పని చేస్తుంది, నోడ్‌ను దాని పక్కన పెట్టకండి. యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్కులు, వాటి కేబుళ్లు కూడా 2.4 లో రొద పెడతాయి.

ల్యాప్‌టాప్ ఒక్కటే తెగుతుంటే డివైస్ మేనేజర్‌లో వైఫై అడాప్టర్ పవర్ మేనేజ్‌మెంట్ తెరిచి, బ్యాటరీ పొదుపు కోసం దాన్ని ఆపేయవచ్చన్న టిక్కు తీసేయండి, డ్రైవర్ కొత్తది వేయండి. ఫోన్ ఒక్కటే అయితే, సిగ్నల్ తగ్గగానే మొబైల్ డేటాకు దానంతటదే మారే సెట్టింగు ఆపి, నెట్‌వర్క్‌ను మర్చిపొమ్మని చెప్పి మళ్లీ కలపండి. వీపీఎన్ ఉంటే ఒక రోజు ఆపి చూడండి.

ఏదైనా మార్చేటప్పుడు

ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చాక కనీసం ఒక రోజు ఆగి, కాగితం మీద రాసుకోండి. మూడు ఒకేసారి మార్చి నెట్ బాగుపడితే ఏది పనిచేసిందో తెలియదు, పాడైతే ఏది చెడగొట్టిందో అంతకన్నా తెలియదు.

సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అన్ని నోడ్‌లకూ ఒకటే ఉండాలి. ఒకటి వెనకబడి ఉంటే ముందు దాన్ని అప్‌డేట్ చేయండి. రీస్టార్ట్ చేయాలంటే అన్నీ ఆపి, ముందు మోడెమ్ వేసి రెండు మూడు నిమిషాలు ఆగండి, తర్వాత మెయిన్ రౌటర్, అది నిలదొక్కుకున్నాక నోడ్‌లు. ఫ్యాక్టరీ రీసెట్‌ను ఆఖరుకు ఉంచుకోండి. దానికి ముందు ప్రతి సెట్టింగు పేజీనీ ఫోటో తీసుకోండి.

ఇన్ని చేసినా ఒకే నోడ్ తెగుతుంటే దాని చోట ఇంకో నోడ్ పెట్టి, దీన్ని దాని చోటికి మార్చండి. కొత్త చోట కూడా అదే తెగితే డబ్బా పాడైంది, దాని అడాప్టర్‌తో సహా వారంటీకి పంపండి. పాత చోట ఇప్పుడు మంచి నోడ్ కూడా తెగడం మొదలుపెడితే తప్పు ఆ చోటుది; అక్కడికి కేబుల్ లాగించండి, లేదా నోడ్‌ను గోడకు ఇవతలికి తెచ్చుకోండి. సర్వీసు వాళ్లు వచ్చినప్పుడు మీరు రాసుకున్న కాగితం, నెట్ తెగిన క్షణంలో ఆ మూడు కిటికీల ఫోటో వాళ్ల ముందు పెట్టండి. ఏ లంకె దగ్గర వెతకాలో వాళ్లకు అక్కడే తెలుస్తుంది.